దిండ్లలో పిండి

ఇంకో రొట్టె వేసుకోండి, మొహమాటపడకండి. ఈ రొట్టెల వెనక పెద్ద కథ ఉంది. మీరు తింటూ ఉండండి, నేను చెప్తాను. మా ఆవిడ పక్కగదిలో ఉంది కాబట్టి కాస్త మెల్లగా చెప్తాను.

మేం ఈ పల్లెకి వచ్చిన కొత్తలో మీరంతా ఇల్లు చూడ్డానికి వచ్చారు. అరుగు మీద కూచుని, "ఆహా, ఎంత నిశ్శబ్దం! రాసుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి!" అన్నారు. గుర్తుందా? ఆ రోజు మీ అందరి పీకలూ పిసకాలనిపించింది.

ఎందుకంటే నేను పుట్టి పెరిగింది పట్నంలో, ఒక పిండిమర పైన మేడగదిలో. మా అమ్మ నాకెప్పుడూ జోలపాడలేదు, కింద మరే ఆ పని చూసుకునేది. గోడలు వణికేవి, మంచం వణికేది, పలక వణికేది. నా అక్షరాలు ఇప్పటికీ వంకరగా ఉండడానికి కారణం అదే. మర ఆగితే నిద్రలోంచి కెవ్వుమని లేచేవాణ్ణట. మొదటి కథ ఆ గదిలోనే రాశాను. పెళ్లయ్యాక బస్సు డిపో పక్కన కాపురం పెట్టాం. అక్కడ కథలు వాటంతటవే వచ్చి కాగితం మీద పడేవి.

అలాంటివాణ్ణి, బుద్ధి గడ్డి తిని, కనపడినవాళ్లందరి దగ్గరా ఒకటే పాట పాడాను. "ఈ గోలలో నవల ఎవడు రాస్తాడండీ? నాకో పల్లెటూరూ, కాస్త నిశ్శబ్దమూ ఇచ్చి చూడండి!" నవల రాయకపోవడానికి అది మంచి సాకు. ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా పనిచేసింది.

మా ఆవిడ నర్సు. జ్వరం వచ్చిందని రోగి చెప్తే థర్మామీటరు పెట్టి గానీ నమ్మదు. నన్ను మాత్రం ఉత్తపుణ్యానికి నమ్మేసింది. పై అధికారుల కాళ్లా వేళ్లా పడి, ఈ ఊరి ఆస్పత్రికి బదిలీ చేయించుకుంది.

"ఇదిగోండి మీ నిశ్శబ్దం. ఇక రాయండి," అంది.

రాయడం మొదలుపెట్టాను. నాయిక తలుపు తీసింది అని రాసేవాణ్ణి. ఆమె లోపలికి అడుగు పెట్టేలోపు నేను గుర్రుపెట్టేవాణ్ణి. నా గుండె చప్పుడు నాకే వినపడుతుంటే భయంవేసి నిద్రలేచేవాణ్ణి. అవతల పబ్లిషరేమో, వానలు పడేలోపు నవల ఇవ్వకపోతే ఇంక మొహం చూపించొద్దన్నాడు.

పోనీ వెనక్కి పోదామా అంటే, ఆవిడకి ఈ ఊరు తెగ నచ్చేసింది. పెరట్లో వంగమొక్కలు నాటింది. ఆస్పత్రి నుంచి కూనిరాగాలు తీస్తూ వచ్చేది. పట్నంలో అన్నేళ్లూ ఆవిడ పాడగా నేను వినలేదండీ. ఆ పాట నా వల్ల ఆగిపోతుందేమోనని నిజంగానే బెంగ పట్టుకుంది.

ఓ రోజు దిగులుగా నడుస్తుంటే ఊరి చివర గడగడగడమని చప్పుడు. పిండిమర! తప్పిపోయిన చుట్టం దొరికినట్టు పరుగెత్తాను. మర నడిపే ఆవిణ్ణి ఊరంతా 'మర పిన్ని' అంటుంది. బేరాల్లేక వారానికి ఒక్కరోజే తిప్పుతుందట. ఓ మూల బస్తా మీద కూలబడి కాగితాలు తీశాను. నాయిక లోపలికొచ్చింది, మొగుడితో పోట్లాడింది, ఊపిరి పీల్చుకోకుండా అలిగి పుట్టింటికి కూడా వెళ్లిపోయింది!

"ఎక్కడికెళ్లారు?" అంది మా ఆవిడ ఇంటికి రాగానే.

"ప్రకృతి పరిశీలనకి." నిశ్శబ్దం కావాలని అడిగినవాణ్ణి, మర గోలలోనే రాయగలనని ఏ మొహంతో చెప్పను?

నా అదృష్టం చూడండి, ఆ మరుసటి వారం నుంచి మర రోజూ తిరగడం మొదలుపెట్టింది. కానీ అక్కడ ఊరికే కూచుంటే బాగోదు కదా. రోజూ ఇంట్లో గోధుమలు సంచిలో పోసుకుని బయల్దేరేవాణ్ణి. పట్టించిన పిండిని దాచాలి. ముందు పాతపెట్టె నింపాను, తర్వాత పుస్తకాల వెనక చోటు నింపాను. చివరికి అటక మీది దిండ్లలో దూది పీకేసి పిండి కూరాను.

"తల తెల్లబడిందేమిటండీ?" అంది ఓ సాయంత్రం.

"వయసొస్తోంది కదా."

"పొద్దున్న వెళ్లేటప్పుడు నల్లగానే ఉందే!"

"నవల రాయడమంటే మాటలనుకున్నావా?"

"అయితే చొక్కా కూడా రాస్తోందన్నమాట. అదీ తెల్లబడింది. ఇంతకీ గోధుమలన్నీ ఏమైపోయాయి?"

"ఎలకలు."

"సంచి కూడా పట్టుకుపోయాయా?"

"పల్లెటూరి ఎలకలు, బలంగా ఉంటాయి."

గోధుమలు నిండుకున్నాక, పట్టించిన పిండినే మళ్లీ పట్టుకెళ్లాను.

"ఇది పిండే కదా బాబూ!" అంది మర పిన్ని.

"ఇంకా మెత్తగా కావాలి పిన్నీ."

"ఇంతకంటే మెత్తగా అయితే పొగే వస్తుంది!"

అసలు ముప్పు మరలో మిరపకాయలు పట్టిన రోజు వచ్చింది. ఆ రోజు నాయిక మొగుడు పోయే ఘట్టం రాస్తున్నాను, మధ్యలో లేవలేను. ఇంటికెళ్లేసరికి కళ్లు చింతనిప్పులు, ముక్కు కుళాయి.

"అయ్యో, ఏమైందండీ?"

"విషాద ఘట్టం రాశాను. తట్టుకోలేకపోయాను."

"ఏదీ, నాకూ చదివి వినిపించండి," అని కాగితాల కట్ట లాక్కుని ఒక్క దులుపు దులిపింది.

అంతే. ఇద్దరం కూచుని హాచ్, హాచ్ మని తుమ్ముతూ వెక్కివెక్కి ఏడ్చాం. పక్కింటివాళ్లు ఎవరో పోయారనుకుని పరుగెత్తుకొచ్చారు. మా ఆవిడ ముక్కు తుడుచుకుంటూ, "పెళ్లయిన ఇన్నేళ్లకి మీ రాతకి నా కళ్లల్లో నీళ్లొచ్చాయండీ," అంది. ఆవిడ నమ్మేసిందని లోలోపల పొంగిపోయాను.

ఆ పొంగు మర్నాడే చల్లారింది. మర దగ్గర కాలికి కట్టుతో ఒక తాతయ్య సంచి పట్టుకుని కుంటుతూ వచ్చాడు.

"ఈ కాలితో ఎందుకొచ్చావు తాతా?" అన్నాను.

"నర్సమ్మ చెప్పింది బాబూ. మందు వేసుకుని, రోజూ తాజాగా మర పట్టించిన పిండి తింటే బెణుకు తొందరగా సర్దుకుంటుందట."

వెనకాల దగ్గుతున్న ఆవిడ, "నాకు దగ్గుకీ అదే చెప్పింది," అంది. చెవిపోటువాడూ, కంటికురుపువాడూ తలలూపారు. వరసంతా ఆస్పత్రి నుంచే వచ్చింది! మర పిన్ని పమిట చాటున నవ్వుకుంటోంది.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ నా దిండ్లన్నీ వరసగా పేర్చుకుని కూచుంది.

"మొదటిరోజే మర పిన్ని చెప్పిందండీ, మీ ఆయన నా బస్తా మీద కూచుని రాస్తున్నాడని. బేరాల్లేక మర మూసేస్తానంది. అది ఆగితే మీ నవలా ఆగుతుంది. అందుకే మర ఆగకుండా చూశాను."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు ఆ నెపంతో 'వెనక్కి పోదాం' అంటారేమోనని భయమేసింది. నాకీ ఊరు వదలాలని లేదు."

"పిచ్చిదానా, నువ్వు పాడుకుంటూ రావడం విన్నాక నేనా మాట అనగలనా!"

ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఈసారి మిరప్పొడి లేదు. తర్వాత ఒక దిండు నా ఒళ్లో పెట్టింది.

"రేపట్నుంచి ఖాళీ చేతులతో వెళ్లి రాసుకోండి, గోధుమలు నా రోగులు తెస్తారు. కానీ దాచిన ఈ పిండి మొత్తం మీరే పిసికి, మీరే రొట్టెలు కాల్చాలి. ఇల్లు దిండ్లతో సహా ఖాళీ అయ్యేదాకా!"

నవల అయిపోయిందండీ, వానలకి ముందే. పబ్లిషరు కట్ట విప్పి, తుమ్ముతూనే ఫోన్ చేసి వేస్తానన్నాడు. అది చెప్దామనే మిమ్మల్ని పిలిచాను. నిజంగా అందుకే. రొట్టెలకీ దానికీ సంబంధం లేదు.

"ఏమండీ," పక్కగదిలోంచి ఆవిడ గొంతు, "కథ మెల్లగా చెప్తే నాకు వినపడదనుకున్నారా? వాళ్లకి ఇంకో నాలుగేసి వడ్డించండి. అటక మీద ఇంకా రెండు దిండ్లున్నాయి!"