అయివోరి గుండెలో ఆటంబాంబు

శనివారం తొమ్మిది గంటల బస్సుకు నెల్లూరు పోవాలన్నది జీవానందం ఆలోచన. ఇందులో చెప్పుకోవలసిన గొప్పేమీ లేదు. ముత్తుకూరు చుట్టుపక్కల ఊళ్లలో నెల్లూరు పోనివాడెవడు? కానీ ఆ ఉదయం అతను తలకు రెండుసార్లు నూనె రాసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, విప్పి, మళ్లీ తొడిగాడంటే కారణం ఉండాలి కదా. ఆ కారణం పేరు జయశీల. నెల్లూరు ఆసుపత్రిలో నర్సు. కంగారు పడకండి, అతని సొంత భార్యే.

పెళ్లయి రెండేళ్లయింది. అతనికి సముద్రం పక్క బడిలో సైన్సు మాష్టరు ఉద్యోగం, ఆమెకు నెల్లూరులో ఉద్యోగం. నర్సుల క్వార్టర్లలోకి మొగుళ్లను రానివ్వరు. అందుకని నెలకొక శనివారం ఆసుపత్రి గేటు పక్క బల్ల మీద ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చుని, మేట్రన్ కిటికీలోంచి చూస్తూ ఉండగా కాపురం చేసేవారు. చెప్పాలనుకున్నవన్నీ నెలంతా కూడబెట్టుకుని పోవడం, తీరా ఆమె ఎదురుగా కనిపించేసరికి "అన్నం తిన్నావా?" అని అడిగి ఊరుకోవడం. తిరుగు బస్సులో కూర్చున్నాక మిగిలిన మాటలన్నీ గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమనేది.

ఈసారి మాటలతో పని లేదు. చొక్కా జేబులో, రుమాలు మడత కింద, ఆడవాళ్లు పెట్టుకునే చిన్న రేడియం వాచీ ఉంది. చీకట్లో దాని ముళ్లు లేతపచ్చగా వెలుగుతాయి. "రాత్రి డ్యూటీలో నాడి చూడాలంటే గోడ గడియారం కేసి లాంతరు ఎత్తాల. ఆ వెలుగుకు వార్డంతా లేచి కూర్చుంటాది" అని పోయినసారి జయశీల అంది. అడగలేదు, ఊరికే అంది. జీవానందం ఆ మాటను మద్రాసు దాకా మోసుకుపోయి వాచీతో తిరిగొచ్చాడు.

దాచడం దేనికంటే, మామగారి భయం. సంజీవరావు గారు జీవానందం పాఠాలు చెప్పే ఊళ్లోనే వాళ్ల క్రైస్తవ సంఘానికి పెద్ద. ఆ సంఘంలో నగలు కూడవు. గొలుసు లేదు, గాజు లేదు. పోయిన నెల ఒక పెళ్లికూతురి జడ రిబ్బను మీద ఆయన చేసిన ప్రసంగానికి పెళ్లిభోజనం చల్లారిపోయింది. ఇక ముంజేతి గడియారం కంట పడిందంటే, తెచ్చినచోటే ఇచ్చి రమ్మంటారు. జయశీల తండ్రి మాట దాటదు.

బస్సు ఆగే చోటికి, ఉప్పు కుప్పలు పోసే కొటారు దగ్గరికి జీవానందం చేరేసరికి అక్కడో జీపు, దాని చుట్టూ ఊరు. ఇసకలో ఖనిజాలు వెతకడానికి సర్కారు పంపిన పద్మనాభయ్య అనే కుర్ర ఆఫీసరు మెడలో ఒక పెట్టె వేలాడేసుకుని, దానికి తీగతో కట్టిన గొట్టాన్ని నేల మీద ఆడిస్తున్నాడు. పెట్టె టిక్కు టిక్కుమంటోంది.

"ఏమయ్యా జీవానందం, బస్సుకింకా టైముండాది గదా" అన్నారు సంజీవరావు గారు. "ఈ పెట్టె సంగతేందో మనోళ్లకు నాలుగు ముక్కలు చెప్పు."

జీవానందానికి ఒక జబ్బు ఉంది. సైన్సు చెప్పమంటే ఆగలేడు.

"కొన్ని పదార్థాలు ఊరికే ఉండలేవు. వాటి పరమాణువులు వాటంతటవే విరిగి కిరణాలు వదులుతుంటాయి. దాన్నే రేడియోధార్మికత అంటారు. ఆ కిరణం తగిలినప్పుడల్లా ఈ పెట్టె టిక్కుమంటాది. ఆ కిరణాలు మూడు రకాలు. ఆల్ఫా గట్టిగా గుద్దుతాది గానీ దూరం పోలేదు, కాయితం అడ్డం పెడితే చాలు. బీటా కాయితాన్ని దాటేస్తాది, అల్యూమినియం రేకు కావాల. గామా ఉండాదే, అది మహా మొండిది. మనిషిలోంచి, గోడలోంచి పోతానే ఉంటాది. మందంగా సీసం పెడితే గానీ తగ్గదు."

"అంటే మా కామమ్మ నోరు గామా అన్నమాట!" అన్నాడు చేపలు పట్టే చిన్నపోలయ్య. చేపల గంపతో బస్సు కోసం నిలబడ్డ అతని పెళ్లాం కామమ్మ, ఆ మాట నిజమేనని అందరికీ వినిపించేలా నిరూపించింది.

"మరి అది చెడ్డదా అయివోరా?" అని మాష్టర్ని ఎవరో అడిగారు.

"హద్దులో వాడితే మేలే. ఆసుపత్రుల్లో చెడ్డ గడ్డల్ని రేడియంతో మాడుస్తారు. ఇనప సామానులో లోపలి పగుళ్లు కనిపెడతారు. ఇంకా చీకట్లో వెలిగే గడి..." జీవానందానికి పొలమారింది. "ఇంకా శానా ఉండాయి" అని దగ్గుతూ ముగించాడు.

"భయపడాల్సిన పని లేదు. మట్టిలో, గాలిలో, అన్నిచోట్లా కాస్తో కూస్తో ఉంటుంది" అన్నాడు పద్మనాభయ్య. "మామూలు మనిషి దగ్గర ఎంత నెమ్మదిగా కొట్టుకుంటుందో వినండి" అని, ఎదురుగా ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డ జీవానందం గుండెకు గొట్టం ఆనించాడు.

పెట్టెలో మిడతల దండు పడ్డట్టు కరకరలాడింది. ఆఫీసరు గొట్టం వెనక్కి తీశాడు. టిక్కు, టిక్కు. మళ్లీ ఆనించాడు. మళ్లీ కరకర.

"ఓరి నాయనో! అయివోరి గుండెలో ఆటంబాంబు ఉండాది!" అని చిన్నపోలయ్య ఎగిరి ఉప్పు కుప్ప మీద పడ్డాడు.

"రేడియం వాచీ పెట్టుకున్నారా మాష్టారూ?" అని అడిగాడు పద్మనాభయ్య.

జీవానందం రెండు చేతులూ చాపాడు. ముంజేతులు బోసిగా ఉన్నాయి.

"మా ఇళ్లల్లో అట్లాంటి సోకులు లేవయ్యా!" అన్నారు సంజీవరావు గారు గర్వంగా.

జేబులో చెయ్యిపెట్టి తీస్తే ఈ గొడవ అక్కడితో ఆగిపోయేది. మీరూ నేనూ అయితే తీసేసి ఉందుము. కానీ చీకటి వార్డులో జయశీల ముంజేతి మీద ఆ లేతపచ్చ వెలుగు అతనికి ఎన్ని రోజులుగానో కళ్లలో మెదులుతోంది. మామగారి ముందు దాన్ని బయట పెట్టడానికి చెయ్యి రాలేదు.

"పోనీ, ఏమైనా తిన్నారా?"

"రాత్రి... చేపలు" అన్నాడు.

అనగానే నాలుక కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఊరి కళ్లన్నీ కామమ్మ గంప మీద పడ్డాయి.

"ఏందీ? నా చేపల్లో ఆటమా?" అని కామమ్మ కొంగు బిగించింది. "మూడు తరాలుగా అమ్ముతుండాం, ఎవురి గుండె మోగిందయ్యా?"

అప్పుడే బస్సు వచ్చింది. కండక్టరు మస్తానయ్య ఒక కాలు కింద పెట్టి, సంగతి విని, ఆ కాలు పైకి తీసుకున్నాడు.

"చేపల్నీ ఎక్కనీను, అయివోరినీ ఎక్కనీను. బస్సులో బిడ్డతల్లులుండారు."

"మస్తానన్నా, నీకు పుణ్యముంటాది, టాపు మీద కూర్చుంటా" అని బతిమాలాడు జీవానందం.

"కుదరదు మస్తానా" అని ఉప్పు కుప్ప మీంచి అరిచాడు చిన్నపోలయ్య. "గామా టాపులోంచి కూడా దిగుతాది. ఇప్పుడే అయివోరు చెప్పినాడు."

తన పాఠం ఇంత బాగా అర్థమైనందుకు జీవానందం ఏనాడూ ఇంత బాధపడలేదు. బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

సంజీవరావు గారు కళ్లు మూసుకుని, అల్లుడి గుండె మీద చెయ్యి వేసి ప్రార్థన చేయడానికి ముందుకొచ్చారు. చెయ్యి వేస్తే వాచీ తగులుతుంది. జీవానందం చటుక్కున వెనక్కి గెంతి "వద్దు మామయ్యా, దగ్గరికి రావద్దు!" అని అరిచాడు.

"చూసినారా, తను పోయినా పర్లేదు, మామకు సోకకూడదంట. ఎంత మంచోడు!" అని కామమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ మంచోణ్ణి దూరం నుంచే తోలుకుపోయి బడి గదిలో కూర్చోబెట్టారు.

ఆ తర్వాత పద్మనాభయ్య గంపలో చేపలన్నిటికీ గొట్టం పెట్టి చూశాడు. ఒక్కటీ మోగలేదు. ఆ అరుపులన్నీ జీవానందానికి కిటికీలోంచి వినిపిస్తున్నాయి గానీ మనసు వాటి మీద లేదు. ఈపాటికి జయశీల బల్ల దగ్గరికి వచ్చి ఉంటుంది. రాత్రంతా మేలుకున్న కళ్లతో, తడి ఆరని జడతో, వచ్చే ప్రతి బస్సునూ చూస్తుంటుంది. మధ్యాహ్నం దాకా చూసి లోపలికి పోతుంది. మేట్రన్ చూస్తుంది కాబట్టి ఏడవదు. ఇక్కడ మేట్రన్ లేదు కాబట్టి జీవానందం ఏడ్చాడు.

ఈలోగా బస్సుతోపాటు కబురూ ప్రయాణం చేసింది. ముత్తుకూరులో దిగినవాళ్లు అయివోరి గుండె మోగుతోందన్నారు. ఇంకాస్త ముందుకు పోయాక అయివోరు దీపంలా వెలుగుతున్నాడన్నారు. నెల్లూరు చేరేసరికి అయివోరు పేలిపోయి, సగం ఊరు ఆయనతోపాటు పోయింది. గేటు దగ్గర బల్ల మీద కూర్చున్న జయశీలకు ఈ మాట, అయివోర్ని కళ్లారా చూసొచ్చిన మస్తానయ్యే చెప్పాడు.

మధ్యాహ్నం ఆసుపత్రి వ్యాను వచ్చి బడి ముందు ఆగింది. డాక్టరు సామాను దించుకునేలోపే జయశీల ఎవరు ఆపినా ఆగకుండా గదిలోకి పరుగెత్తింది.

"ఏమైందండీ? యాడ నొప్పి?"

అతను జేబు చూపించాడు. ఆమె రుమాలు తీసింది. కిందనున్న వాచీని చూసింది, అతణ్ణి చూసింది.

"దీనికోసమా? నా ప్రాణాలు తోడేసినారు గదండీ!" అని అక్కడే బల్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అతను పక్కన కూర్చున్నాడు. ఊరంతా భయపడి దూరంగా నిలబడింది కాబట్టి, ఆ బల్లకు ఈ చివర ఒకరు ఆ చివర ఒకరు కూర్చోవలసిన అవసరం రాలేదు. అతను వాచీని ఆమె చేతికి పెట్టాడు. ఇంతకాలం కూడబెట్టిన మాటల్లో కొన్ని చెప్పాడు కూడా. అవి మనకు అనవసరం.

ఇద్దరూ బయటికొచ్చారు. పద్మనాభయ్య భయపడుతూనే మాష్టరి గుండెకు గొట్టం పెట్టాడు. టిక్కు, టిక్కు. పక్కకు తిప్పేసరికి కరకర.

"అమ్మకు అంటుకునింది!" అని ఊరు నాలుగడుగులు వెనక్కి వేసింది.

జయశీల చెయ్యెత్తి వాచీ చూపించింది. పద్మనాభయ్య నెత్తి కొట్టుకున్నాడు. సంజీవరావు గారి ముఖం నల్లబడింది.

"నాయనా, చెయ్యి ఇట్లా ఇయ్యి" అని ఆమె తండ్రి మణికట్టు పట్టుకుని, వాచీలో సెకన్ల ముల్లును చూస్తూ నాడి లెక్కపెట్టింది. "బాగానే ఉండాది. భయపడినావు, అంతే."

పొద్దుటి నుంచి తనకూ సోకిందేమోనని లోపల్లోపల చస్తున్న పెద్దమనిషి గట్టిగా ఊపిరి వదిలారు. వాచీ కేసి వంగి చూశారు.

"ఇది మెరుస్తాదామ్మా?"

"చీకట్లోనే, నాయనా."

"చీకట్లో నిన్ను చూసేదెవురు?"

"రోగులు."

"అయితే సోకు కాదులే. డ్యూటీకి పెట్టుకో. ఆదివారం ప్రార్థన కూడికకు మాత్రం విప్పి రా."

"మరి నా చేపల పరువో?" అంది కామమ్మ. జీవానందం చేతులు జోడించి తప్పైపోయిందన్నాడు. అప్పటికే ఆమె "సర్కారోళ్లు పెట్టె పెట్టి చూసిన చేపలు!" అని కేకేసి సగం గంప అమ్మేసి ఉండడం వల్ల అతన్ని సులువుగానే వదిలేసింది.

"ఇతనికి ఏ జబ్బూ లేదు. పదమ్మా, పోదాం" అన్నాడు డాక్టరు.

జయశీల భర్త మణికట్టు పట్టుకుంది. వాచీ చూసింది. ఇంకాసేపు చూసింది.

"నాడి జోరుగా ఉండాది సార్" అంది తలెత్తకుండా. "ఒక రాత్రి కనిపెట్టి చూడాల."

డాక్టరు ఆమెను చూశాడు, అతణ్ణి చూశాడు. "మేట్రన్‌కు నేను చెబుతాలే" అని వ్యాను ఎక్కాడు.

సోమవారం పొద్దుటి బస్సు దాకా ఆ నాడి నెమ్మదించలేదు.