అర్ధరాత్రి సాక్షి

అన్యాయం జరిగింది ఎవరికి? ఏలూరులోని ఒక మిషన్ బాలికల హైస్కూలులో రాత్రి కాపలా కాసే యోసేపుకు. ఎలా జరిగింది? అతడు ఏనాడూ తాకని కంప్యూటరు అతని మీద సాక్ష్యం చెప్పింది.

అది 2004 ఫిబ్రవరి. ఆ సోమవారం ఉదయం హెడ్‌మిస్ట్రెస్ ఎలిజబెత్ తలపెట్టిన పని చిన్నది: పదో తరగతి లెక్కల ప్రీఫైనల్ పేపరును అచ్చుకు పంపడం. టైపిస్టు గ్రేస్ కిందటి వారమే దానిని సిద్ధం చేసింది. ఊరంతా కొత్త విండోస్‌కు మారినా ఆఫీసు యంత్రం ఇంకా 98లోనే ఉండిపోయింది. కంప్యూటరు మాస్టరు రూబెన్ ఫైలు వెతికి, పక్కనున్న సమయం చూసి కొయ్యబారిపోయాడు.

"మేడమ్ గారూ, దీన్ని గురువారం అర్ధరాత్రి దాటాక ఎవరో ముట్టుకున్నారండీ!"

"ఆఫీసుకు తాళం ఉంది కదండీ?"

"తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందండీ?"

యోసేపును పిలిపించారు. ప్రార్థన ముగిసినా పిల్లలు ఇంకా వరసల్లోనే ఉన్నారు. విచారణ వారందరి ఎదుటే సాగింది.

"గురువారం అర్ధరాత్రి ఎక్కడున్నావయ్యా?" అని అడిగింది ఎలిజబెత్.

"గేటు దగ్గరేనండీ. కాస్త... కునుకు పట్టిందండీ."

"చూశారా, ఒప్పుకుంటున్నాడు!" అన్నాడు రూబెన్.

"నాకు ఏబీసీడీలే రావండీ. ఆ పేపరు నాకెందుకండీ?"

"చదవడానికి కాదయ్యా, అమ్మడానికి. కంప్యూటరు అబద్ధం చెప్పదు," అన్నాడు మళ్ళీ రూబెన్.

శనివారంలోగా నిజం చెప్పకపోతే ఉద్యోగమూ, స్కూలు వెనుక ఉన్న గదీ వదలాలని ఎలిజబెత్ ఆజ్ఞాపించింది. యోసేపు చేతిలోంచి తాళాల గుత్తి రెండుసార్లు జారిపడింది. ఇంట్లో భార్య కృపమ్మ అప్పుడే గిన్నెలు గోనెసంచిలో వేస్తోంది.

"కొల్లేటికోటలో మా అన్నయ్య చేపల చెరువు కాపలా ఇప్పిస్తాడులే. చేపలకి కంప్యూటరు ఉండదు," అంది.

ఆఫీసుకు కొత్త తాళం వేశారు. దాని ఏకైక చెవి రూబెన్ జేబులో చేరింది. మంగళవారం ఉదయం గ్రేస్ యంత్రం వేసి ఇచ్చి వెళ్ళాక అతడు గది తలుపు మూసుకుని, ఒంటరిగా కొత్త పేపరు టైపు చేశాడు. బుధవారం ఎలిజబెత్ స్వయంగా తెర ముందు కూర్చుంది.

"రూబెన్ గారూ, మీ పేపరు మీద మంగళవారం అర్ధరాత్రి పన్నెండూ ముప్పై ఒకటి అని ఉందేమిటండీ?"

రూబెన్ తెర మీదికి వంగాడు. "పొద్దున్నే టైపు చేశానండీ! రాత్రి ఇంట్లో పడుకున్నానండీ, మా ఆవిణ్ణి అడగండి!"

"ఇంటివాళ్ళ సాక్ష్యం చెల్లదండీ. పైగా కంప్యూటరు అబద్ధం చెప్పదని అన్నది మీరే."

ఎలిజబెత్ కఠినంగా తరువాతి ఫైలుకు దిగింది. అది జిల్లా విద్యాధికారికి వ్రాసిన లేఖ. మంగళవారం మధ్యాహ్న భోజనానికి ముందు గ్రేస్ పక్కన నిలబడి ఆమె స్వయంగా చెప్పి టైపు చేయించినది. దాని మీద తెల్లవారుజాము మూడు గంటలని ఉంది.

న్యాయపీఠం మీద కూర్చున్న మనిషి ముద్దాయిల బోనులోకి జారింది.

"గ్రేస్, తెల్లవారుజామున మూడింటికి నేను ఇక్కడ ఉన్నానా?"

గ్రేస్ భోరుమంది. "నన్ను జైలుకు పంపకండి మేడమ్ గారూ! రోజూ సాయంత్రం మెయిన్ స్విచ్చి ఆపేయమన్నారు కదండీ. కంప్యూటరు లోపల గడియారం నడిపే బ్యాటరీ చచ్చిపోయింది. పొద్దున్న వేస్తే జనవరి ఒకటి, అర్ధరాత్రి అని చూపిస్తుందండీ. ఉత్తరాల మీద పడేది తేదీయే కదా అని తేదీ ఒక్కటే దిద్దుతాను. టైము ముట్టుకోనండీ, మనకి బెల్లు ఉంది కదా!"

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"సెట్టింగులు ముట్టుకుంటే కేసు అవుతుందని రూబెన్ సారే భయపెట్టారండీ."

రూబెన్ మెయిన్ ఆపి, మళ్ళీ వేశాడు. కిటికీలో ఎండ కాస్తుండగా తెర మీద అర్ధరాత్రి అయింది.

"పదిమంది ఎదుట పోయిన పరువును పదిమంది ఎదుటే తిరిగి ఇవ్వాలండీ," అంది ఎలిజబెత్.

గురువారం ప్రార్థనలో, పిల్లలందరి ముందు, రూబెన్ చేతులు జోడించి యోసేపును క్షమాపణ కోరాడు. అతడు పక్కకు తప్పుకోగానే ఎలిజబెత్ ముందుకు వచ్చింది.

"నాదీ ఒకటి బాకీ ఉంది. పదేళ్ళ క్రితం స్కూలు హార్మోనియం కనబడకపోతే నేను ఇతన్నే అనుమానించాను. అది తాడేపల్లిగూడెంలో రిపేరుకు ఇచ్చి మరచిపోయింది నేనే. దొరికాక కూడా నోరు విప్పలేదు. యోసేపూ, నన్ను క్షమించు."

యోసేపు రెండు క్షమాపణలూ స్వీకరించాడు. పదేళ్ళ వడ్డీ మాత్రం మాఫీ చేశాడు.