తల్లులందరికీ తనిఖీ పెట్టాల్సిందే

పిల్లలున్న ప్రతి ఇంటికీ ప్రభుత్వ తనిఖీ తప్పనిసరి చేయాలని నా గట్టి అభిప్రాయం. ఆ భాగ్యం ప్రస్తుతం మా హైఫా నగరంలో నాలాంటి కొద్దిమందికే దక్కుతోంది. మిగతా తల్లిదండ్రులు ఏం పాపం చేశారని?

నా సంగతి వినండి. మా యారాను కన్నది నా భార్య సిగల్. ఇద్దరు ఆడవాళ్లకి ఇక్కడ పెళ్లి చేయరు కాబట్టి విమానమెక్కి వేరే దేశం పోయి చేసుకొచ్చాం. పాప పుట్టినప్పుడు బొడ్డుతాడు కోసింది నేను. ముడ్డి కడిగింది, జ్వరమొస్తే భుజాన వేసుకు తిరిగింది నేను. సిగల్‌ని ఇమా అని, నన్ను మామా అని పిలుస్తుంది; రెండూ అమ్మ అనే మాటలే. అయినా నేనూ తల్లినేనని కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా నేను ఆ ఇంట్లో అద్దె పంచుకునే మనిషినే. రేపు సిగల్‌కి ఏదైనా అయితే పిల్ల మీద నాకు ఏ హక్కూ ఉండదు. అందుకని నేను తల్లిగా పనికొస్తానో లేదో చూసి రమ్మని ప్రభుత్వం ఒక మనిషిని పంపుతుంది. నాలుగేళ్లుగా పనికొస్తున్న సంగతి యారాకు తెలుసు. కానీ యారా ప్రభుత్వోద్యోగి కాదు కదా!

మా తమ్ముడు ఎలిరాన్‌ను చూస్తే నాకు జాలేస్తుంది. వాడికి ముగ్గురు పిల్లలు. పోయిన వేసవిలో సముద్రం ఒడ్డు నుంచి గొడుగు, మడత కుర్చీలు, మాంసం కాల్చుకునే పొయ్యి అన్నీ జాగ్రత్తగా కారులో సర్దుకుని, నడిపివాణ్ణి ఇసుకలోనే వదిలేసి వచ్చాడు. వాడి ఇంటికి ఎవరైనా వచ్చి, నువ్వు తండ్రివేనా అని అడిగారా? పాపం, వాణ్ణి పట్టించుకునే నాథుడే లేడు.

మా ఇంటికి ఆ తనిఖీ చేసే ఇలానిత్ గారు వస్తున్నారని తెలియగానే సిగల్, నేను నడుం బిగించాం. మా యూదుల పెసాహ్ పండక్కి ముందు ఇంట్లో రొట్టె తునక కూడా మిగలకుండా దులుపుతాం చూడండి, అలా దులిపాం. బొమ్మలన్నీ అటక ఎక్కాయి. గోడ మీది రంగు గీతలు పోయేదాకా రుద్దాం. కింది వాటాలో ఉండే ఫోర్తునా ముసలమ్మ తల ఎత్తి కేకేసింది.

"ఏమే, పండగ ఇంకా రాలేదుగా, పరుపులెందుకే బయటేశారు?"

"ప్రభుత్వం చూడ్డానికొస్తోంది పిన్నీ."

"చూడ్డానికా? నేను ఏడుగుర్ని పెంచా, ఒక్కడొచ్చి చూళ్లేదు. వచ్చుంటే ఇద్దర్ని పట్టుకుపొమ్మనేదాన్ని."

ఇలానిత్ గారు వచ్చారు. ఫ్రిజ్ తెరిచి చూశారు, మంచం కిందకి వంగి చూశారు. "ఇల్లు చాలా బావుంది. కానీ... పిల్ల ఇక్కడే ఉంటోందా అండీ?" అన్నారు.

అంచేత రెండో తనిఖీ పడింది. ఈసారి అటక మీది బొమ్మలు దించి హాలంతా చల్లాం. యారా చేతికి రంగు పెన్సిలిచ్చి గోడ మీద గీయమన్నాం. అది మా మొహాలు చూసి, "నిజంగా గీయనా?" అని మూడుసార్లు అడిగింది. చట్టం కోసం గీయమ్మా అన్నాం. ఎలిరాన్ ఫోన్ చేసి, "అక్కా, మా ముగ్గుర్నీ ఓ గంట పంపనా? ఇల్లు సహజంగా తయారవుద్ది," అన్నాడు.

రెండోసారి ఇలానిత్ గారి ముఖం వికసించింది. "పాపకు ఆదర్శంగా మగవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. మా తమ్ముడున్నాడన్నాను. సంతోషంగా రాసుకున్నారు.

తర్వాత యారాను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "మామాతో ఆడుకోవడం ఇష్టమా?" అన్నారు. మా పిల్ల చేతులు కట్టుకుని, "మామా నన్నెప్పుడూ కోప్పడదు. నిన్న కూడా కోప్పడలేదు," అంది. నిన్న నేను పైకప్పు ఎగిరేలా అరిచాను. నాలుగేళ్ల పిల్ల ప్రభుత్వం ముందు అంత నిబ్బరంగా అబద్ధమాడటం నేనెక్కడా చూడలేదు. ఆ తెలివికి మురిసిపోయాను కూడా.

తనిఖీ వల్ల ఇంకో లాభం కూడా ఉంది. మా యారా అల్లరి పూర్తిగా మానేసింది. పిల్లలు మాట వినడం లేదని ఏడ్చే తల్లులారా, ప్రభుత్వాన్ని ఇంటికి పిలవండి! మొన్న పొద్దున వంటింట్లోకి వెళ్తే, పాల గ్లాసు ఒలకబోసుకుని, నన్ను పిలవకుండా, తన గౌనుతోనే నేల తుడుస్తోంది. చప్పుడు కాకుండా ఏడుస్తోంది.

"ఎందుకమ్మా? నన్ను పిలవచ్చుగా," అన్నాను.

"ఆవిడ మళ్లీ వస్తే?" అంది. "ఇల్లు పాడు చేశానని నిన్ను తీసుకెళ్లిపోతారు."