సరుకుగా వెళ్ళిన ఖియెమ్ తాత

ఆ రోజు పొద్దున ఖియెమ్ తాత ఒకే పని పెట్టుకున్నాడు. కొడుకు నిద్ర లేచేలోగా డబ్బంతా ఖర్చు పెట్టెయ్యాలి.

డబ్బు ఆయనదే. ఇరవయ్యేళ్ళప్పుడు కోడిపందేల్లో తగలేశాడు. నలభయ్యేళ్ళప్పుడు పిల్లల నోళ్ళకే సరిపోయింది. అరవై దాటాక కాఫీలో పంచదార కూడా మానేసి, బియ్యం జాడీ అడుగున రెండు కోట్ల డాంగ్ నోట్లు దాచాడు. ఈ కాలవ గట్టున దానికి వచ్చేది ఒక మంచి శవపేటిక, అంతే. డెబ్బై దాటినవాళ్ళు ముందే కొని ఇంట్లో పెట్టుకుంటారు. తాతకి డెబ్బై నాలుగు, ఇంకా పెట్టె లేదు. పైగా కొడుకు తోయాన్ మూడు రోజులుగా మోటారుసైకిళ్ళ బొమ్మలు చూస్తున్నాడు. "నాన్నా, రేపు నీతో ఒక మాట చెప్పాలి" అని రాత్రి అన్నాడు కూడా.

ఆ మాట చెవిన పడకముందే తాత పెట్టెల కొట్టుకి చేరాడు. బేరం తెగింది. పెట్టెని పడవలో ఇంటికి చేర్చే కిరాయి కొట్టువాడిదే. మనిషి కిరాయి మాత్రం కాదు.

"మనిషికి ఇరవై వేలు తాతా" అన్నాడు పడవ నడిపే లూమ్. అంటే ఒక గ్లాసు కాఫీ ఖరీదు.

"ఇంతోటి దూరానికా? నన్ను కొనుక్కుంటావా ఏంటి?"

"అయితే ఈదుకుంటూ రా."

తాత పెట్టె వైపు చూశాడు. మూత పక్కన పెట్టించి, పెట్టెలోకి దిగి పడుకున్నాడు. "ఇప్పుడు నేనూ సరుకే. పడవ పోనీ."

ఎండకి టోపీ మొహం మీద పెట్టుకున్నాడు. కొత్త కర్ర వాసన, పడవ ఊపు. నిద్ర పట్టేసింది.

బజారు రేవులో గుమ్మడికాయలమ్మే బిక్ చూసింది. పెట్టె, అందులో కదలని ఖియెమ్ తాత. బుట్ట వదిలేసి, "పోయాడా?" అని నోరు కొట్టుకుంది. పలకరిస్తోందనుకుని లూమ్ ఇంజను మోతలోంచి తలూపాడు. అంతకన్నా రుజువేం కావాలి?

కాలవ మదుము తలుపుల దగ్గర నీళ్ళు పోటెత్తేదాకా పడవ రెండు గంటలు ఆగింది. లూమ్ కూడా నిద్రపోయాడు. కబురు ఆగలేదు.

శవమూ పెట్టే కలిసే వస్తున్నాయి కాబట్టి తోయాన్ మిగతావి చూశాడు. షామియానా, మేళం, ఒక పంది. అందరికీ డబ్బు చేతిలోనే పెట్టాడు. కోడలు దియెప్ తెల్లగుడ్డ చింపి అందరి తలలకీ కట్టింది.

"కాఫీలో పంచదార కూడా ఎరగడు మా మావయ్య!" అని ఏడ్చింది.

"గుమ్మడికాయ కొంటే గింజల బరువు తీసెయ్యమనేవాడమ్మా, బంగారంలాంటి మనిషి!" అని కబురు మోసుకొచ్చిన బిక్ అందుకుంది.

పడవ ఇంటి రేవుకి తగలగానే మేళం గట్టిగా ఎత్తుకుంది. తాత లేచి కూర్చున్నాడు.

"ఎవరు పోయారు?"

రేవులో సగం మంది నీళ్ళలో పడ్డారు. బూర ఊదేవాడు మాత్రం ఆపలేదు. డబ్బు ముందే తీసుకున్నాడు.

సంగతి తేలాక తాత షామియానా వైపు, పందిమాంసం గంజి మరుగుతున్న గంగాళం వైపు చూశాడు. "వీటికి డబ్బెవడిచ్చాడు?"

"నేనే" అన్నాడు తోయాన్, తలగుడ్డ విప్పుతూ. "బండికని రెండేళ్ళు కూడబెట్టా. ఈసారి వాయిదాలు లేకుండా కొంటున్నానని నీకు చెబుదామనుకున్నా."

"నన్ను డబ్బు అడుగుదామని కాదూ?"

"నీ దగ్గర డబ్బుందని నాకేం తెలుసు నాన్నా?"

తాత పెట్టెలోంచి దిగాడు. తర్వాత లూమ్‌ని పిలిచాడు. "ఈ పెట్టె వెనక్కిచ్చి, ఆ డబ్బు తెచ్చి వీడి చేతిలో పెట్టు."

"మనిషి పడుకుని లేచిన పెట్టె ఎవడు తీసుకుంటాడు తాతా? పైగా గురక కూడా పెట్టావు."

తాత పెట్టె అంచు మీద కూలబడ్డాడు. "కోడలా, కాఫీ తే. పంచదార వేసి."

"ఎన్ని చెంచాలు మావయ్యా?"

"మూడు. ఇంక దేనికి దాచాలి?"

లూమ్ అక్కడే నిలబడి చెయ్యి చాపాడు. "సరుకు లేచి కూర్చోదు, కాఫీ అడగదు. ఇరవై వేలు."

ఆ ఇరవై వేలు కూడా తోయానే ఇచ్చాడు.