బ్రిక్ గేమ్‌లో సెల్లు పీకకండి!

ఇరుగుపొరుగు తగాదాలు తీరాలంటే కొత్త కోర్టులు కట్టనక్కర్లేదు, ఇంటికో బ్రిక్ గేమ్ కొనిస్తే చాలు! నవ్వకండి. ఈమధ్యే రేడియోలో ప్రసంగం చేసిన మనిషిని, నా మాటకు ఆమాత్రం విలువ ఇవ్వండి.

అరచేతిలో ఇమిడే ఆ ప్లాస్టిక్ డబ్బాను దేవరకొండ వాచీల దుకాణం ఫక్రుద్దీన్ పట్నం నుంచి తెచ్చి మాకు అంటగట్టాడు. దాని మీద తొమ్మిది వేల పైచిలుకు ఆటలని రాసి ఉంది. లోపల ఉన్నది ఒక్కటే! పైనుంచి ఇటుకలు పడతాయి, మనం తిప్పి వరుసగా పేర్చాలి, నిలువు సందు మిగిలితే పొడుగు ఇటుక పడేదాకా ఆగాలి. అయితేనేం? ఒకే పప్పును రోజుకో పేరు పెట్టి తినడం లేదా మనం?

దాని మహిమ చూడండి. ప్రహరీ గోడ దగ్గర మొదలైన గొడవతో మా ఆవిడ సుగుణమ్మ, పక్కింటి అజ్మత్ బీ ఏళ్ల తరబడి ముఖాలు చూసుకోలేదు. ఇప్పుడు ఒకే చాప మీద తలలు ఆనించి కూర్చుంటున్నారు.

"తిప్పక్కా, తిప్పు! గా సందుల పెట్టు!"

"అయ్యో చెల్లె, గట్ల గాదు!"

గోడ ఎవరి జాగాలో ఉందో ఇద్దరికీ గుర్తే లేదు. ఇంత గొప్ప శాంతి ఒప్పందం ఏ దేశం చేసుకుంది చెప్పండి!

ఈ ఆట మరిగాక మా తాపీ మేస్త్రీ ఎల్లేశం ఎంత మారాడని! మొన్న స్నానాల గది గోడలో నిలువునా సందు వదిలేసి బీడీ ముట్టించాడు. ఇదేమిటయ్యా అంటే, "ఆగుండ్రి సార్, పొడుగుది వస్తది" అన్నాడు. ఓపిక అంటే అదీ!

ఇక పొదుపు. ఊరంతా ఆడుతుంటే దుకాణాల్లో పెన్సిల్ సెల్లు ఎక్కడ దొరుకుతాయి? అయిపోయిన సెల్లను డాబా మీద మిరపకాయల పక్కన ఎండబెడుతున్నాం. ఎండిన సెల్లు మా చిన్న రేడియోకి, రేడియోలోని కొత్త సెల్లు ఆటకి. న్యాయమే కదా!

ఆదివారం సాయంత్రం, ముందే టేపు చేసిన నా ప్రసంగం వచ్చింది. జీవితంలో మొదటిది! పేరు 'వినడం ఒక కళ'. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రేడియో ముందు కూర్చున్నాను. అది నా పేరు సగం పలికి, మూలిగి, ఆగిపోయింది.

ఒక్క ఉదుటున వెళ్లి ఆటలోని సెల్లు పీకబోయాను.

"పీకకుండ్రి!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. సెల్లు తీస్తే అజ్మత్ బీ అప్పుడే కొట్టిన రికార్డు చెరిగిపోతుందట!

"రేడియోల నా గొంతు వస్తాంది, జర వినుండ్రి!" అని బతిమాలాను.

అజ్మత్ బీ నావైపు జాలిగా చూసింది. "మీ గొంతు గోడ అవతల నుంచి రోజూ వింటనే ఉన్న భాయ్‌సాబ్. గీ రికార్డు మల్ల వస్తదా?"

"నిజమే గద!" అంది మా ఆవిడ.

చూశారా, ఎంత ఐకమత్యమో! నాకు మాత్రం ఏడుపొచ్చింది.

పాఠకులారా, ఇంకా బ్రిక్ గేమ్ చేరని ఇల్లు మీలో ఎవరిదైనా ఉంటే, ఆ ఆదివారం మీరు రేడియో పెట్టి ఉంటే, నేను ఎలా మాట్లాడానో దయచేసి ఒక కార్డు ముక్క రాయండి.