సీలు వేసిన డబ్బా

ఆ ఉదయం మన ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌గారి పని ఒక్కటే: సొరచేప శాంపిల్‌ను పదింటికల్లా ల్యాబులో ఇవ్వడం. గోదాములో ఆపించిన రెండు టన్నుల సరుకులో పాదరసం ఎంతుందో తేలాలి. సరుకును ఆపి ఉంచే గడువు సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. ఆఫీసు ఫ్రిజ్ పాడైంది కాబట్టి డబ్బాకు సీలు వేసి, రాత్రి ఇంటి ఫ్రిజ్‌లో దాచారు. అదీ ఆయన తెలివి!

పొద్దున ఫ్రిజ్ తలుపు తీస్తే డబ్బా లేదు. బల్ల దగ్గర ఏడో నెల గర్భిణి అయిన కూతురు, ముళ్లు తీసి చిదిపి వండిన చేపకూర రెండోసారి వడ్డించుకుంటోంది.

"చేప ఎక్కడిది అత్తయ్యా?"

"ఫ్రిజ్‌లోదే బాబూ. మీరూ తింటారా?" అంది వంటింట్లోంచి అత్తగారు.

పాదరసం కడుపులో బిడ్డ మెదడుకు చేటని నెల రోజులుగా ఇంటిల్లిపాదికీ చెప్పిన మనిషి ఇప్పుడు నోరు తెరిస్తే పిల్ల హడలిపోతుంది. "చాల్లేమ్మా, అరగదు" అని కంచం లాగేసుకుని బయటపడ్డారు. దారిలో ఉద్యోగం గుర్తొచ్చింది. బజారులో ఒక పిల్ల సొర ముక్క కొని, కొత్త డబ్బాలో పెట్టి, సీలు వేసి ల్యాబులో ఇచ్చేశారు.

మూడింటికి ఫలితం వచ్చింది. పరిమితిలోపే!

"సరుకు వదిలేద్దామయ్యా. మొదటి లోడు ప్రసూతి ఆసుపత్రి వంటగదికట" అన్నారు పైఅధికారి, కలం తీస్తూ.

ఆ వార్డు నిండా తన కూతుళ్లే కనిపించారు ఆయనకు. ఇక ఆగలేకపోయారు.

"సంతకం పెట్టకండి సార్! అది దొంగ శాంపిల్. నేనే మార్చాను."

"మరి అసలుది ఎక్కడుంది?"

"మా అమ్మాయి కడుపులో సార్" అని బావురుమన్నారు.

అధికారికి తిట్టాలో ఓదార్చాలో తెలియలేదు. "ముందు పిల్లను డాక్టరు దగ్గరికి పంపించవయ్యా!" అని ఫోను ఆయన చేతిలో పెట్టారు.

సంగతి విని, "సీలేసిన డబ్బానా?" అంది ఫోనులో అత్తగారు. "పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో పెట్టొచ్చాను. సొరచేప, పాదరసం అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరారుగా! కడుపుతో ఉన్న పిల్ల తిరిగే ఇంట్లో అదెందుకు? పిల్లకు వండింది నిన్న నేను కొన్న చిన్న చేపలు. అయినా మీ సీలు మీద చెయ్యేస్తే ఊరుకుంటారా?"

ఆయన కుర్చీలో కూలబడి, కళ్లు తుడుచుకున్నారు. అధికారి గడువు పొడిగించారు. సీలు చెదరని అసలు డబ్బా ల్యాబుకు వెళ్లింది. పాదరసం పరిమితికి రెండింతలుంది. సరుకు మొత్తం పూడ్పించేశారు. ఇన్‌స్పెక్టర్‌గారి చేతికి సస్పెన్షన్ కాగితం వచ్చింది.

ఆయన సీలును ఇంట్లో అందరూ నమ్మారు, ఒక్క ఆయన తప్ప.