రెండువందల పధ్నాలుగు వాక్యాలు

విశ్వవిద్యాలయం వారు సంతోషంతో ప్రకటించునది ఏమనగా: వ్యాపార, సమాచార సాంకేతిక రంగాలకు పనికొచ్చే వృత్తి ఇంగ్లీషు కోర్సు మొదలై మూడేళ్లయింది. ఇంతవరకు ఈ కోర్సు చదివినవాళ్లలో ఇద్దరు తప్ప అందరూ మొదటి పరీక్షలోనే, ఏ పని అయినా ఎందుకు కాలేదో చక్కటి ఇంగ్లీషులో చెప్పగల స్థితికి ఎదిగారు. ఆ ఇద్దరిలో ఒకడు చదువు మానేసి సుఖంగా ఉన్నాడు. రెండో మనిషి గురించే ఈ కథ.

ముందు పాఠ్యపుస్తకం గురించి చెప్పాలి. శాఖాధిపతి గారు పదకొండేళ్లు శ్రమించి రాసిన ఆ పుస్తకంలో మొత్తం రెండువందల పధ్నాలుగు వాక్యాలున్నాయి. ఉద్యోగంలో చేరినవాడు ఆ మీదట పదవీ విరమణ దాకా ఇంకో వాక్యం మాట్లాడక్కర్లేదని ఆయన హామీ. పదిహేడో వాక్యం, ‘మీ సమస్య మాకు అత్యంత ముఖ్యమైనది’. నలభై ఒకటో వాక్యం, ‘మా బృందం ఈ విషయంలో పూర్తిగా నిమగ్నమై ఉంది’. తొంభై మూడో వాక్యం, ‘మూలకారణాన్ని పరిశీలిస్తున్నాం, పరిశీలనలో తేలినదాన్ని పరిశీలించాక తెలియజేస్తాం’. పాఠకుల సౌకర్యం కోసం వీటిని తెలుగులో ఇస్తున్నాను. తెలుగులోకి వచ్చేసరికి వీటిలో ఏమీ లేదని తెలిసిపోతోంది. అది వాక్యాల తప్పు కాదు, తెలుగు తప్పు.

ఇక ఆ అమ్మాయి. క్లాసులో ఆమెను స్క్రూడ్రైవర్ అనేవారు, ఎందుకంటే బ్యాగులో ఎప్పుడూ ఒకటి ఉండేది. తండ్రి లిఫ్టు మెకానిక్. ఇరవై ఆరేళ్లుగా ఆయన పనిచేసే పద్ధతి ఒకటే: లిఫ్టు బాగుచేస్తాడు, ‘అయిపోయింది’ అంటాడు, చేతులు కడుక్కుంటాడు. ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్లకు వృత్తి ఇంగ్లీషు ఎలా అబ్బుతుంది?

అబ్బలేదు. మొదటిసారి పరీక్షలో, కంప్యూటర్ బాగుచేయడంలో జరిగిన ఆలస్యానికి క్షమాపణ కోరుతూ లేఖ రాయమన్నారు. ఈమె కంప్యూటరే బాగుచేసి పెట్టింది. తప్పింది. రెండోసారి బృంద చర్చ. విషయం: ‘ప్రింటర్ పనిచేయకపోవడం - సవాళ్లు, అవకాశాలు’. చర్చ మాంచి రసపట్టులో ఉండగా ఈమె లేచి, ప్రింటర్ మూత తీసి, ఇరుక్కున్న కాగితం లాగేసింది. చర్చ అక్కడికక్కడే చచ్చిపోయింది. నోటికాడి మార్కులు తీసేసిందని తోటి విద్యార్థులు అయిదుగురూ ఆమెతో వారం రోజులు మాట్లాడలేదు.

మూడోసారి ఆఖరుసారి. విశ్వవిద్యాలయం నిబంధన అది. ఈసారీ తప్పితే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే, డిగ్రీలోని మిషన్ల సబ్జెక్టులో మొదటి ర్యాంకు చూసి ఒక కంపెనీ ముందే ఇచ్చిన ఉద్యోగమూ లేదు. “ఈసారి చేతులు కట్టుకుని కూర్చో తల్లీ” అని తండ్రి చెప్పి పంపించాడు. పని చేయొద్దని ఆయన ఒకరికి చెప్పడం జీవితంలో అదే మొదలు.

పరీక్ష రోజు మధ్యాహ్నం శాఖాధిపతి గారికి అదృష్టం కలిసొచ్చింది. ఆ భవనంలో తలుపులన్నీ కార్డు చూపిస్తే తెరుచుకునేవి. వాటిని నడిపించే పెట్టె ఒంటిగంటన్నరకు టప్పుమని చచ్చిపోయింది. మిగతా గదులన్నీ భోజనాల వేళ కాబట్టి ఖాళీ. వైస్ ఛాన్సలర్ గారు మాత్రం తన గదిలో ఉండిపోయారు. ఆయనతోపాటు, పరీక్షకు మార్కులు వేయడానికి వచ్చిన కంపెనీ పెద్దమనిషి కూడా. ఉద్యోగం ఇస్తానన్న కంపెనీ ఆయనదే.

వేరే వాళ్లయితే తాళాలవాణ్ణి పిలిచేవారు. శాఖాధిపతి గారి కళ్లు మెరిశాయి. పరీక్ష కోసం ఒక సమస్యను ఊహించుకోమని విద్యార్థులను ప్రతి ఏడూ బతిమాలేవారు. ఇవాళ నిజమైన సమస్య, నిజమైన బాధితులు, మధ్యలో నిజమైన తలుపు. రెండింటి నుంచి అయిదు దాకా, పదిహేను నిమిషాలకొకసారి లోపలివాళ్లకు ఫోను చేసి పరిస్థితి చెప్పడమే పరీక్ష అని అక్కడికక్కడే ఉత్తర్వు జారీ చేశారు. లోపలున్న ఇద్దరూ ఫోన్లోనే హర్షం ప్రకటించారు.

మొదటి ఆరు కాల్స్ మైకు అనే కుర్రాడివి. పుట్టుకతోనే వక్త. వాడు పెట్టె వైపు తిరిగి కూడా చూడలేదు. పదిహేడు, నలభై ఒకటి, తొంభై మూడు వరసగా వడ్డించాడు. వైస్ ఛాన్సలర్ గారికి రక్తపోటు మాత్ర వేసుకునే వేళయిందని, మాత్ర కారులో ఉందని చెబితే, ఆ విలువైన సూచనకు కృతజ్ఞతలు చెప్పి నమోదు చేసుకున్నాడు. ఒక మనిషికి ఏమీ చెప్పకుండా ఇంత మర్యాదగా చెప్పడం తానెన్నడూ వినలేదని లోపల్నుంచి కంపెనీ పెద్దమనిషి మెచ్చుకున్నారు. నూటికి తొంభై.

మూడున్నరకు స్క్రూడ్రైవర్ వంతు. మొదటి కాల్‌కు ఇంకా పదిహేను నిమిషాల టైముంది. చేతులు కట్టుకునే నిలబడింది. పెట్టె ఎదురుగా ఉంది. ఒక నిమిషం చూసింది. రెండో నిమిషం చేతులు వాటంతటవే విడిపోయాయి.

మూత తీసింది. పెట్టెకు కరెంటు ఇచ్చే అడాప్టర్ కాలిపోయింది. అలాంటిదే ఇంకోటి ఎక్కడుందా అని చూస్తే, వరండాలో ‘ప్రగతికి ద్వారం తెరిచే ఉంది’ అని ఎర్రటి అక్షరాలు పరుగెత్తించే బోర్డు కనిపించింది. దాని అడాప్టర్ పీకింది. బోర్డు ఆరిపోయింది. పెట్టె వెలిగింది. తలుపు క్లిక్కుమంది. మొత్తం నాలుగు నిమిషాలు.

లోపల్నుంచి పెద్దలిద్దరూ కళ్లు చికిలిస్తూ బయటికొచ్చారు.

“అయిపోయింది సార్” అంది అమ్మాయి. చేతులు కడుక్కోవడానికి కుళాయి ఎక్కడుందా అని చూసింది.

శాఖాధిపతి గారు పాఠ్యపుస్తకం తెరిచి మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా వేలు పెట్టి వెతికారు. ఆలస్యానికి అరవై వాక్యాలున్నాయి. విచారానికి నలభై రెండు. వాయిదాకు అయితే లెక్కే లేదు. పని పూర్తయిందని చెప్పడానికి ఒక్కటీ లేదు. పదకొండేళ్లలో అలాంటి అవసరం ఆయనకు తట్టలేదు.

“ఈ మాట మన సిలబస్‌లో లేదమ్మా” అన్నారు బాధగా. “లేని మాటకు మార్కులెలా వెయ్యను?”

“తలుపు తెరుచుకుంది కద సార్.”

“తలుపు సంగతి ఎవరడిగారు? ఇంకా ఆరు కాల్సున్నాయి. వాటిలో ఏం చెబుతావు?”

కంపెనీ పెద్దమనిషి ఇంకా ఎక్కువ కలత చెందారు. మా దగ్గర నాలుగువేల మంది ఉన్నారమ్మా, అన్నారు, రోజూ పొద్దున్న కూర్చుని నిన్న ఏం కాలేదో చెప్పుకుంటాం, అదే మా సంస్కృతి. “పని అయిపోతే రేపటి మీటింగులో ఏం మాట్లాడుకుంటాం చెప్పు?”

చివరికి తీర్పు వైస్ ఛాన్సలర్ గారు చెప్పారు. తనకు బయటికి రావడం వ్యక్తిగతంగా బాగానే ఉందని, కానీ నియమం నియమమేనని, ఆ మాట పుస్తకంలో చేర్చవచ్చునా అనేదాని మీద ఒక సంఘం వేస్తామని ప్రకటించారు. సంఘం నివేదిక రెండేళ్లలో రావచ్చు. అప్పటిదాకా అమ్మాయి మార్కులు సున్నా. శాఖాధిపతి గారు కలం మూత తీశారు.

ఆ కలం కాగితానికి తగిలితే డిగ్రీ పోయినట్టే. అమ్మాయి కలం వైపు చూసింది, పెట్టె వైపు చూసింది, గోడ గడియారం వైపు చూసింది. మూడూ నలభై నాలుగు. మొదటి కాల్‌కు ఇంకో నిమిషం ఉంది.

“సార్, మీరిద్దరూ ఒక్కసారి లోపలికెళ్లి కూర్చుంటారా?” అంది.

పెద్దలు వెళ్లి కూర్చున్నారు. పరీక్షలో అభ్యర్థి అడిగింది కదా, పైగా లోపల ఏసీ ఉంది. అమ్మాయి తలుపు దగ్గరగా వేసింది. పెట్టెలోంచి అడాప్టర్ పీకింది. తీసుకెళ్లి బోర్డుకు తగిలించింది. ప్రగతికి ద్వారం తెరిచే ఉందంటూ అక్షరాలు మళ్లీ పరుగెత్తాయి. తలుపు మూసుకుపోయింది.

అప్పుడు చేతులు కట్టుకుని ఫోను అందుకుంది.

ఆ తర్వాత జరిగింది విశ్వవిద్యాలయ చరిత్రలో నిలిచిపోతుంది. పదిహేడో వాక్యం ఆమె గొంతులో తేనెలా జారింది. నలభై ఒకటో వాక్యానికి మైకు నోరు తెరిచాడు. నాలుగోసారి మాత్ర ప్రస్తావన వచ్చినప్పుడు ఆమె చెప్పిన విచారానికి వైస్ ఛాన్సలర్ గారే ఆమెను ఓదార్చారు. తమను ఇంత బాగా చూసుకుంటున్నారని లోపలి ఇద్దరూ ఒకరితో ఒకరు చెప్పుకోవడం తలుపు బయటికి వినిపించింది. తొంభై ఆరు మార్కులు. ఉద్యోగం ఖాయమని పెద్దమనిషి తలుపు కింది సందులోంచి కాగితం జారవిడిచారు.

అయిదు గంటలు కొట్టింది. ఇక తెరవమ్మా అని లోపల్నుంచి కబురు. ఆమె నూట ఎనిమిదో వాక్యం వినిపించింది: ‘మా పనివేళలు ముగిశాయి, తాజా సమాచారంతో రేపు ఉదయం తొమ్మిదింటికి మిమ్మల్ని సంప్రదిస్తాం.’ లోపల్నుంచి చప్పట్లు వినిపించాయి. మార్కులు తొంభై తొమ్మిదయ్యాయి.

గేటు దగ్గర తండ్రి పనిముట్ల సంచితో ఎదురుచూస్తున్నాడు.

“ఏమ్మా, అయిపోయిందా?”

“పూర్తిగా నిమగ్నమై ఉన్నాం నాన్నా.”

ఆయనకు అర్థం కాలేదు. మైకు నడిచొస్తూ మొత్తం విషయం విడమర్చి చెప్పాడు. తండ్రి ముఖం మారింది. సంచి భుజానికెత్తుకుని, రెండు నిమిషాల పని, నేను వెళ్లి తలుపు తీసొస్తానంటూ మెట్లవైపు నడిచాడు. కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది.

“వద్దు నాన్నా. మార్కులు పోతాయి.”

ఆ అమ్మాయి ఇప్పుడు పెద్ద హోదాలో ఉంది. సర్వర్లు నడిపే గదిలో ఆమెది కిటికీ పక్క కుర్చీ. మొన్న మీ రైలు టికెట్టు బుకింగు తెరమీద తిరిగి తిరిగి ఆగిపోతే, మీరు ఫోను చేస్తే, అవతల్నుంచి ఒక గొంతు మీ సమస్య తనకెంత ముఖ్యమో తేనెలా చెప్పింది గుర్తుందా? టికెట్టు రాలేదు. అయినా ఫోను పెట్టేశాక, ఆ గొంతుకు ఎన్ని నక్షత్రాలని అడిగితే, మీరు అయిదూ నొక్కారు.

ఆమె ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో అడాప్టర్ ఉన్నాయి. అయిదు నక్షత్రాలు వస్తున్నంతకాలం దాన్ని తగిలించడానికి ఆమెకేం పిచ్చా?